జిల్లా పేజీలు: మొదటి రోజు కబురు బాగుంటుంది, రెండో రోజు కబురే ఉండదు

కోనసీమలోని అమలాపురంలో మాకు మందుల షాపు ఉంది. షాపుకి మూడు దినపత్రికలు వేయించుకుంటాను. మెయిన్ పేపరు మధ్యాహ్నం దాకా మడత కూడా నలగదు. జిల్లా పేజీలు మాత్రం పదింటికల్లా చేతులు మారి మారి మెత్తబడిపోతాయి. మందుచీటీ నా చేతికిచ్చి, "ఏవండీ, మన పేజీలు ఓసారి ఇలా ఇవ్వండి" అంటారు. ఢిల్లీ, అమరావతి సంగతులు ఫోన్లో ముందురోజే చూసేసి వస్తారు. ఊరి సంగతి మాత్రం కాగితం మీద చూస్తేనే నమ్మకం. అందుకే ఈ సమీక్ష మెయిన్ పేపరు జోలికి పోకుండా ఆ జిల్లా పేజీల వరకే రాస్తున్నాను. మూడు పత్రికలదీ ఇంచుమించు ఒకటే పద్ధతి కాబట్టి బాగోగులు చెప్పేటప్పుడు ఏ ఒక్కదాని పేరూ ఎత్తను.

ఈ పేజీలు మనకి మొదటినుంచీ ఉన్నవి కావు. 1989లో ఈనాడు జిల్లా సంచికలు మొదలెట్టింది, తర్వాత మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. అంతకుముందు పల్లెటూరి పేరు పేపర్లో పడాలంటే అక్కడ హత్యో, ఘోర ప్రమాదమో జరగాలి. అయితే స్థానిక వార్త రాయడం గోదావరి వాళ్ళకి కొత్త విద్యేమీ కాదు. కందుకూరి వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టింది ఊళ్ళోని లంచగొండి ఉద్యోగుల సంగతి కూడా రాయడానికే. ఎవరు తింటున్నారో, ఎక్కడ తింటున్నారో వాళ్ళ మధ్యనే బతుకుతూ రాశారు. ఆ పని విలువ తెలుసు కాబట్టే ఈ పేజీల గురించి ఇంత పట్టించుకుంటున్నాను.

ముందు బాగున్నవి చెప్తాను. వరదల్లో ఈ పేజీలకి సాటి లేదు. జులై వచ్చిందంటే పేజీ పైభాగాన ఒక చిన్న పెట్టె కడతారు. భద్రాచలం దగ్గర నీటిమట్టం ఎన్ని అడుగులు, ధవళేశ్వరం దగ్గర ఎంత, బ్యారేజీ నుంచి సముద్రంలోకి ఎన్ని లక్షల క్యూసెక్కులు వదులుతున్నారు, డెల్టా కాలువలకి ఎంత ఇస్తున్నారు అన్నీ అందులో ఉంటాయి. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75. ఈ అంకెలు లంకల్లో, అంటే గోదావరి పాయల మధ్య ఊళ్ళలో, పిల్లలకి కూడా నోటికొచ్చు. భద్రాచలంలో పెరిగిన నీరు ఇక్కడికి దిగడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది కాబట్టి, పొద్దున పేపర్లో భద్రాచలం అంకె చూసి పశువుల్ని గట్టు మీదికి తోలాలా, వద్దా అన్నది తేల్చుకుంటారు. మా షాపులోనూ దాని ప్రభావం కనిపిస్తుంది. భద్రాచలం 43 దాటిన రోజున లంకల వాళ్ళు వచ్చి బీపీ, షుగరు బిళ్ళలు నెలకి సరిపడా ఒకేసారి పట్టుకెళ్తారు. ఇన్సులిన్ వాడేవాళ్ళు మరీ కంగారు పడతారు. ఇంటి చుట్టూ నీళ్ళొస్తే కరెంటు తీసేస్తారు, ఫ్రిజ్ పనిచేయదు, పడవ ఎప్పుడొస్తుందో తెలీదు. 2022 జులైలో భద్రాచలంలో 71 అడుగులు దాటి, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకి పైగా కిందికి వదిలిన ఆ రోజుల్లో మేం సరుకు ఎంత తెప్పించాలో ఆ పెట్టె చూసే లెక్క వేసుకున్నాం. ఆ పెట్టె కట్టే సబ్ ఎడిటరు ఎవరో నాకు తెలీదు. ఎవరైనా సరే ఆ మనిషికి ఈ కోనసీమ తరఫున దణ్ణం పెడతాను.

రెండోది కొబ్బరి ధరలు. అంబాజీపేట మార్కెట్ ధరలు రోజూ మూలన వేస్తారు. కొత్త కొబ్బరి క్వింటాలు ఎంత, రెండో రకం ఎంత, కురిడీలో గండేరా వెయ్యి ఎంత, గటగట వెయ్యి ఎంత, నీటికాయలో పాతకాయ ఎంత, పచ్చికాయ ఎంత. బయటి జిల్లాల వాళ్ళకి ఆ పట్టీ చదివితే ఒక్క ముక్క అర్థం కాదు. ఇక్కడ అర్ధెకరం తోట ఉన్న ముసలాయన కూడా కళ్ళజోడు సర్దుకుని ముందు అదే చూస్తాడు. చెట్ల మీంచి కాయ దింపు తీయించాలా, ఇంకో పదిరోజులు ఆగాలా అన్నది అప్పుడు తేలుతుంది. తోటలోకి వచ్చిన దళారి ఒక ధర చెప్తే, "పేపర్లో ఇంకోలా ఉందేవిటండీ" అని అడగగలిగే ధైర్యం ఆ పట్టీ వల్లే వచ్చింది. పెద్ద పెద్ద వ్యాసాలకంటే ఆ నాలుగు వరసలే రైతుకి ఎక్కువ మేలు చేశాయని నా గట్టి నమ్మకం.

2022 మే 24న కోనసీమ జిల్లా పేరు మార్చే విషయంలో మా ఊళ్ళో గొడవలు జరిగాక ఇంటర్నెట్ ఆపేశారు. ఆ రోజుల్లో పేపరు కోసం ఏజెంటు ఇంటి దగ్గరే జనం కాచుకుని ఉన్నారు. ఫోన్లు మూగబోయాయి, ఏ వీధిలో ఏం జరిగిందో పక్క వీధికి తెలీదు. కర్ఫ్యూ ఎప్పుడు సడలిస్తారు, షాపులు ఎన్నింటికి తీయొచ్చు, బస్సులు ఎక్కడిదాకా వస్తున్నాయి అన్నది అచ్చులో చూశాకే తలుపులు తీశాం. పుకారు ఒక రూపంలో, వార్త ఒక రూపంలో ఉంటాయని కుర్రకారుకి కళ్ళారా తెలిసింది అప్పుడే.

మరి లోపం ఎక్కడంటే, వార్త మొదలవుతుంది గానీ ముగియదు. ఫలానా ఊళ్ళో వంతెన కుంగిందంటారు, ఫొటో వేస్తారు, అధికారులు పరిశీలించారంటారు. ఆ తర్వాత ఆ వంతెన పేపర్లోంచి మాయమవుతుంది. బాగు చేశారా, బస్సు తిరుగుతోందా, పిల్లలు బడికి ఎటు వెళ్తున్నారు అంటే సమాధానం ఉండదు. మళ్ళీ ఆ వంతెన మీద ఎవరైనా పడితేనే దాని పేరు వస్తుంది. సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు. మంగళవారం మా పేజీలో ఇన్ని అర్జీలు వచ్చాయని అంకె, ఒక ఫొటో. ఆ ఫొటోలో చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాగితం అందిస్తున్న ముసలమ్మ పింఛను వచ్చిందా లేదా అని నెల తర్వాత ఒక్కరైనా వెళ్ళి అడిగి రాస్తే ఎంత బాగుంటుంది? వచ్చిన అర్జీల అంకె వేసేవాళ్ళు, తీరిన అర్జీల అంకె కూడా వెయ్యాలి కదండీ.

నా వృత్తి వల్ల నన్ను అన్నిటికంటే బాధించేవి పాముకాటు వార్తలు. సార్వా (వానాకాలం పంట) నాట్లప్పుడు, మళ్ళీ కోతలప్పుడు అవి రాని వారం ఉండదు. వార్త ఎప్పుడూ ఒకే మూసలో ఉంటుంది. ఫలానా గ్రామానికి చెందిన ఫలానా రైతు, వయసు ఇంత, పొలంలో పనిచేస్తుండగా పాము కాటేసింది, ఆసుపత్రికి తరలిస్తుండగా మృతి చెందాడు, భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. అంతటితో అయిపోతుంది. కాటు ఎన్నింటికి పడింది, మొదట ఎక్కడికి తీసుకెళ్ళారు, నాటువైద్యుడి దగ్గర ఎంతసేపు ఆగారు, దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో విరుగుడు ఇంజక్షన్ ఉందా, ఇచ్చారా, ఇస్తే ఎన్నింటికి ఇచ్చారు అన్నవేవీ ఉండవు. ఆ మనిషి చావుకి కారణం అక్కడుంది. పక్క ఊరి రైతు తన ప్రాణం కాపాడుకోవడానికి తెలుసుకోవాల్సిందీ అక్కడే ఉంది.

మన దేశంలో తయారయ్యే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరులు, ఈ నాలుగింటి విషానికీ పనిచేస్తుంది. ఏ పాము కరిచిందో చంపి తీసుకురావాల్సిన పని లేదు. కట్టు బిగించి కట్టకూడదు, గాటు పెట్టకూడదు. కాలు కదలకుండా ఉంచి ఎంత తొందరగా తీసుకెళ్తే అంత మంచిది. కట్లపాము సంగతి మరీ దారుణం. నేల మీద పడుకున్నవాణ్ణి రాత్రిపూట కరిస్తే నొప్పి కూడా పెద్దగా తెలీదు, కాటు గుర్తు కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, కళ్ళు మూతలు పడుతుంటాయి. ఇంట్లోవాళ్ళు అజీర్తి అనుకుని మాత్ర కోసం నా షాపు దగ్గరికే వస్తారు. అలాంటి వేళల్లో మాత్ర చేతిలో పెట్టకుండా ఆటో పిలిచి ఎక్కించాలని మాకు తెలుసు. ఇంట్లోవాళ్ళకి ఎలా తెలుస్తుంది? ప్రతి పాముకాటు వార్త కింద ఈ నాలుగు ముక్కలు వేస్తే చాలు.

ఉప్పలగుప్తం వైపు ఒక కౌలురైతు పోయినప్పుడు మూడు పేపర్లూ పక్కపక్కన పెట్టి చదివాను. ఒకదాంట్లో పొలంలో కరిచిందని, ఇంకోదాంట్లో పశువుల పాకలో అని. వయసు మూడింట్లోనూ మూడు రకాలు. కొన్నాళ్ళకి ఆయన భార్య మా షాపుకి అత్తగారి మందుల కోసం వచ్చింది. తనంతట తనే చెప్పుకుంది. మొదట తీసుకెళ్ళిన చోట ఇంజక్షన్ లేదన్నారట, అక్కణ్ణుంచి ఇంకో చోటికి పంపారట, ఈలోగా మాట పడిపోయిందట. "మమ్మల్ని ఎవరూ అడగలేదండి, అడిగితే చెప్పేవాళ్ళమే" అంది. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. మా మండల విలేకరి కుర్రాడు షాపుకి వస్తే సంగతి చెప్పాను. "నిజమేనండి బాబాయ్ గారూ, నేను మళ్ళీ వెళ్ళి రాసిస్తాను, కానీ డెస్కులో వేయరండి, పాతబడిపోయిందంటారు" అన్నాడు. మనిషి పోతే ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి పాతబడదు. డెస్కులో రెండు రోజులకే పాతబడితే ఎలా?

ఆ కుర్రాణ్ణి తప్పు పట్టలేను. మండలాల్లో రాసేవాళ్ళలో చాలామందికి నెల జీతమంటూ ఉండదు, అచ్చయిన వార్తల్ని బట్టి లైనుకింత అని లెక్కగట్టి లైన్ ఎకౌంటు ఇస్తారు. బండికి పెట్రోలు కూడా అందులోంచే. పైగా పంద్రాగస్టుకి, సంక్రాంతికి, నాయకుల పుట్టినరోజులకి యాడ్లు తేవాలి. చేపల, రొయ్యల చెరువు మురుగునీరు పంటకాలువలోకి వదిలేస్తున్నారని పొద్దున రాసినవాడు సాయంత్రం అదే చెరువు ఆసామి దగ్గరికి శుభాకాంక్షల యాడ్ కోసం వెళ్ళి నిలబడాలి. రెండోసారి అదే వార్త రాయడానికి చెయ్యి ఎలా వస్తుంది? రెండో రోజు వార్త రాకపోవడానికి సోమరితనం కారణం కాదని అందుకే అంటున్నాను. పేపరు యాజమాన్యాలు విలేకరిని యాడ్ల పని నుంచి తప్పించి జీతం ఇవ్వాలి. మేం నెలనెలా కట్టే బిల్లులో ఆ కుర్రాడి కష్టానికి వాటా ఉండాలి.

ఇంకో లోపం హద్దులది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. తూర్పుగోదావరి నుంచి కాకినాడ, కోనసీమ విడిపోయాయి. దాంతోపాటు పేజీలు కూడా తెగాయి. మా ఊళ్ళో పెద్ద జబ్బు చేస్తే ఇప్పటికీ కాకినాడ పెద్దాసుపత్రికే రాస్తారు. అక్కడ ఏ విభాగంలో ఏ కొత్త యంత్రం వచ్చిందో, ఏ ఓపీ ఏ రోజుకి మారిందో మాత్రం మా పేజీలో ఉండదు, అది కాకినాడ వాళ్ళ పేజీ. కనకాయలంక తీసుకోండి. అది పశ్చిమగోదావరి జిల్లా యలమంచిలి మండలంలోది. ఊళ్ళోకి దారి మాత్రం మా జిల్లా చాకలిపాలెం దగ్గర కాజ్‌వే (ఏటికి అడ్డంగా వేసిన పల్లపు దారి) మీదుగా. గోదావరికి నీరు తగలగానే కాజ్‌వే మునుగుతుంది, జనం పడవెక్కి మా గట్టుకే వస్తారు, మందులు కొనుక్కునేదీ ఇటే. మరి ఆ ఊరి కష్టం ఏ పేజీలో రావాలి? గోదావరి పాయకి జిల్లా పేజీల సంగతి తెలీదు. హద్దు ఊళ్ళ వార్తలు రెండు వైపులా వేస్తే కాగితం ఏమీ తరిగిపోదు.

ఫోన్లో చూసే స్థానిక వార్తా చానళ్ళ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు పోటీ వాటితోనే. లోగో మైకు పట్టుకుని నిమిషాల్లో వాలిపోతారు. మా ఊరి ఎర్రవంతెన దగ్గర లారీ ఆగిపోయిందనో, ఫలానా వీధిలో అగ్నిప్రమాదం అనో తెలియాలంటే అవే నయం. రాత్రి పది దాటాక జరిగింది జిల్లా పేజీలో ఎలాగూ మర్నాడు రాదు. కానీ ప్రమాదంలో పోయినవాళ్ళ మొహాలు ముసుగైనా వేయకుండా చూపించడం, మైనరు పిల్లల ఊరూ వీధీ చెప్పేయడం, వరదప్పుడు ఎప్పటిదో గట్టు తెగిన వీడియో ఇప్పటిదని తిప్పడం ఎంతమాత్రం తగదు. ఆ వీడియో చూసి అర్ధరాత్రి పసిపిల్లల్ని ఎత్తుకుని రోడ్డెక్కిన కుటుంబాలున్నాయి. ఈ విషయంలో అచ్చు పేపరు చాలా నయం, రాసేముందు తహసీల్దారు ఆఫీసుకో, పోలీసుస్టేషనుకో ఫోన్ చేసి కనుక్కుంటారు.

వేయించుకోవడం దగ్గరికొస్తే ఇబ్బంది లేదు. రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చే వ్యాను తెల్లారకముందే కట్టలు దింపుతుంది. ఏజెంటు మనుషులు జిల్లా పేజీలు మెయిన్‌లో దోపి, కరపత్రాలు పెట్టి పంపుతారు. తుపాను రోజుల్లో కూడా ప్లాస్టిక్ సంచిలో చుట్టి గుమ్మంలో వేసి వెళ్ళే కుర్రాళ్ళని చూస్తే గౌరవం కలుగుతుంది. అచ్చు నాణ్యత మామూలే. సంక్రాంతికి పేజీలన్నీ యాడ్లతో నిండిపోయి వార్త వెతుక్కోవాల్సి వస్తుంది, అది మాత్రం కొన్నవాడికి అన్యాయం.

వార్తని చివరిదాకా వెంటాడటం ఈ పేజీలకి చేతకాని పని కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాసు బావిలో బ్లోఅవుట్ జరిగి, అంటే గ్యాసు అదుపు తప్పి ఎగదన్ని, 65 రోజులు మండింది. నేనప్పుడు స్కూల్లో ఉన్నాను. రాత్రిళ్ళు ఆకాశం ఎర్రగా కనపడేది, చప్పుడు వినపడేది. మా నాన్నగారు రోజూ పేపరు పైకి చదివి వినిపించేవారు. ఈ రోజు ఎంత నీరు కొట్టారు, శిథిలాలు ఎంతవరకు తీశారు, ఊరు ఖాళీ చేసిన వాళ్ళు ఎక్కడున్నారు, బయటి దేశం నుంచి వచ్చిన నిపుణులు ఏం చేస్తున్నారు. మంట ఆరేదాకా ఆ వార్త ఆగలేదు. పెద్ద మంటకి చూపిన పట్టుదల చిన్న వంతెనకి, పాముకాటుకి, పింఛను అర్జీకి కూడా చూపించాలని అడుగుతున్నాను. ఆదివారం నాడు అరపేజీ చాలు, నెల క్రితం రాసిన వార్తలు ఇప్పుడు ఎక్కడున్నాయో చెప్తూ. రోజూ నా కౌంటరు ముందు నిలబడి చదివేవాళ్ళు ముందు ఆ అరపేజీయే తీస్తారు.

కోనసీమలో తోటో, పొలమో, షాపో ఉన్నవాళ్ళు ఒక జిల్లా సంచికైనా వేయించుకోండి, డబ్బు దండగ కాదు. లంకల్లో చుట్టాలున్నవాళ్ళయితే జులై నుంచి సెప్టెంబరు దాకా తప్పనిసరి. మూడు వేయించుకోవాల్సిన అవసరం మాత్రం కనపడలేదు. వచ్చే నెల నుంచి ఒకటి ఆపేస్తున్నానని ఏజెంటుకి చెప్పాను. కారణం ఏంటండీ అని అడిగితే కాగితం మీద రాసి ఇచ్చాను, పత్రిక యూనిట్ ఆఫీసుకి పంపమని. ఉప్పలగుప్తం పాముకాటు వార్త తేదీ, పేజీ నంబరు వేసి, కింద నా ప్రశ్నలు రాశాను: కాటు ఎన్నింటికి పడింది, విరుగుడు ఎక్కడ దొరకలేదు, ఇప్పుడు అక్కడ ఉందా.